పురుగు దగ్గర ఆపేశాను

అనువాదాల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఈ మధ్య నన్ను అడుగుతున్నారు, మీ రోజుల్లో ఎట్లా చేసేవాళ్ళు మేడం అని. మీ రోజులు అనిపించుకునేంత ముసలిదాన్నేమీ కాను. మా బైబిలు సవరణ పని నిరుడు ముగిసింది, కమిటీని ఎత్తేశారు, నాకొక శాలువా కప్పి ఇంటికి పంపారు. కప్పేటప్పుడు కమిటీ అధ్యక్షుడు, ఆముదం చెట్టును మన గ్రంథంలో నాటిన మనిషి ఈమే అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకున్నాను. చూసినవాళ్ళు వినయం అనుకున్నారు. నాకు వినయం ఉందని నాతో ఒక్క పూట పనిచేసిన మనిషి ఎవరూ అనరు. అది సిగ్గు. ఎందుకో ఆ సభలో చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతున్నాను.

నేను తెలుగు ఎమ్మే. కొన్నాళ్ళు అనంతపురంలో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, ప్రిన్సిపాలుతో తగాదా పడి మానేశాను. బెంగుళూరులో ఉండి హీబ్రూ నేర్చుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఇక్కడ పాత బైబిలు తెలుగును ఇప్పటివాళ్ళకు, అందులోనూ మా రాయలసీమ పల్లెలవాళ్ళకు అర్థమయ్యేలా సవరించే పని మొదలైంది. భాష చూసే మనిషిగా నన్ను తీసుకున్నారు. మా సవరణ జట్టు పెద్ద ఒక రిటైరైన పాస్టరు. ఆయన్ను అందరం అయ్యగారు అనే పిలిచేవాళ్ళం. నెమ్మదస్తుడు. ఎంత గట్టిగా వాదించినా గొంతు పెంచడు. నాకు మంట అదే. గొంతు పెంచని మనిషితో గెలిచినా గెలిచినట్టుండదు.

ఊరు నాశనమైపోతుందని చాటి, అది కాకపోయేసరికి దేవుడి మీద అలిగి ఊరి బయట ఎండలో కూర్చున్న ప్రవక్త కథ మీకు తెలిసిందే. అతనికి నీడగా దేవుడు ఒక మొక్కను మొలిపిస్తాడు. రాత్రికి రాత్రే పెరుగుతుంది. ప్రవక్తకు ప్రాణం లేచి వస్తుంది. తెల్లవారితే దేవుడు ఒక పురుగును పంపుతాడు, మొక్క ఎండిపోతుంది. ఆ మొక్క పేరు హీబ్రూలో కీకాయోన్. చిక్కేమిటంటే, గ్రంథం మొత్తంలో ఆ పేరు ఈ ఒక్క కథలోనే కనిపిస్తుంది. నాలుగు చోట్ల వచ్చే మాటనైతే నాలుగు చోట్లా పెట్టి చూసి అర్థం తేల్చుకోవచ్చు. ఒక్క చోటే వచ్చే మాటకు సాక్ష్యం ఎవరు చెబుతారు? అందుకని ఒక్కో దేశంవాళ్ళు ఒక్కో మొక్క పేరు రాసుకున్నారు. మన పాత తెలుగులో సొర అని ఉంది. ఐగుప్తు, అంటే ఈజిప్టు వైపు ఇలాంటి పేరే ఆముదానికి ఉండేదని, కాబట్టి ఇది ఆముదమేనని చాలామంది పండితులు అంటారు. నేనూ అదే అన్నాను. ఇప్పటికీ అంటాను.

అయ్యగారు ఒప్పుకోలేదు. సొర అని వింటూ పెరిగిన చెవులున్నాయి, వాటిని చిన్నబుచ్చకూడదంటాడు. పూర్వం ఎక్కడో ఈ మొక్క పేరే మార్చి చదివినందుకు చర్చిలో గలాటా అయిందట, ఆ కథ నాకు చాలాసార్లు చెప్పాడు.

"సొరపందిరి కింద కూసుంటే సల్లగా ఉంటాదమ్మా. ఆముదం సెట్టు కింద యెవురు కూసుంటారు?" అన్నాడొకసారి.

"మన జిల్లాలో కూర్చోడానికి ఇంకేం మిగిలింది అయ్యగారూ?" అన్నాను.

ఆయనా నవ్వాడు. నవ్వి, మళ్ళీ సొర దగ్గరికే వచ్చాడు. ఆ ఒక్క మాట మీద మేము రోజుల తరబడి తగువులాడుకున్నాం. ఆయన కుర్చీ పక్కనుంచి పోతూ కూడా ఆముదం గురించి ఏదో ఒకటి విసిరి పోయేదాన్ని. చివరికి ఆయనే, పల్లెలో చదివి చూడమ్మా, విన్నవాళ్ళకు అడ్డం తగలకపోతే ఆముదమే రాసుకుందాం అన్నాడు.

పల్లెలో చదివి చూడడమంటే ఏమిటో చెప్పాలి. సవరించిన భాగాన్ని తీసుకొని ఒక ఊరికి పోతాం. నలుగురిని కూర్చోబెట్టి పైకి చదువుతాం. ఏం విన్నారు, ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని అడుగుతాం. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకొస్తాం. దీనికి ఒక కట్టుబాటు ఉంది. మనం ఏదీ వివరించకూడదు, జవాబు అందించకూడదు. మన మాట ఒకటి వాళ్ళ చెవిలో పడితే, ఆ తర్వాత వాళ్ళు చెప్పేది వాళ్ళ మాట కాదు. ఈ కట్టుబాటును కమిటీకి వచ్చిన ప్రతి కొత్త మనిషికీ నేర్పింది నేనే.

ఊరిని ఎంచుకోవడంలోనే నా దొంగబుద్ధి ఉంది. పామిడి దాటాక, బస్సు దిగి ఆటోలో పోవాల్సిన ఊరు. వేరుశనగ మీద నమ్మకం పోయి, ఆ ఊళ్ళో చాలామంది ఆముదం వేస్తున్నారని నాకు ముందే తెలుసు. ఆ ఏడు విత్తనం వేశాక ఒక వాన పడి, మళ్ళీ మొహం చాటేసింది. అది చాలదన్నట్టు ఆముదం మీద దాసరి పురుగు పడింది. నడుము ఎత్తి ఎత్తి పాకే పురుగు, ఆముదం ఆకు రుచి మరిగిందంటే ఈనెలు తప్ప ఏమీ మిగల్చదు. ఆటోలోంచి చూస్తే రోడ్డుకు రెండు పక్కలా చేలు అస్థిపంజరాల్లా నిలబడి ఉన్నాయి. నేను సంతోషపడ్డాను. ఇది రాయాలంటే చెయ్యి ముందుకు పోవడం లేదు, అయినా జరిగింది అదే. వెడల్పాటి ఆకు, తొందరగా ఎదిగే కాండం, ఉన్నట్టుండి పురుగు. నా వాదమంతా పొలాల్లో పరిచి పెట్టినట్టుంది. అయ్యగారిని వెంట తీసుకురావాల్సింది, ఆ మొహం చూసేదాన్ని అనుకున్నాను.

ఆ ఊరి ప్రార్థనా మందిరంలో మధ్యాహ్నం పూట కొందరు ఆడవాళ్ళు, వాళ్ళతోపాటు సంఘపెద్ద కూర్చున్నారు. సంఘపెద్దంటే పాస్టరు రాని రోజుల్లో ప్రార్థన నడిపే మనిషి. ఆయన మాటకు ఆ మందిరంలో బాగా బరువుంది. ఆడవాళ్ళలో నా వయసుదే ఒకామె చేలోంచి నేరుగా వచ్చింది. ఎగదోపిన కుచ్చిళ్ళు దించుకోకుండానే గోడకు ఆనుకొని కూర్చుంది. ఆమె, ఆమె భర్త ఆ ఏడు గుత్తకు తీసుకున్న చేనంతా ఆముదమే వేశారని పక్కామె చెప్పింది. మంచిదే అనుకున్నాను. సాక్షి దొరికింది.

చదివాను. ఆ మొక్క ఎట్లాంటిదని అడిగి ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. మీ చేలల్లో ఉండే ఆముదం లాంటిదేనా, ఆకు పెద్దదిగా ఉంటుందా, మనిషికి నీడ ఇస్తుందా అని ఒకదాని వెంట ఒకటి అందించాను. వాళ్ళు అవునంటే అవునన్నారు. ఒక్క రాత్రికే అంత పొడుగు లేచిందంటే ఆ విత్తనాలేవో మాకూ తెప్పించండి మేడం, ప్రభుత్వం ఇచ్చేవి మొలకెత్తేదే అరుదు అని ఒకామె అంటే అందరూ నవ్వారు. నవ్వు కూడా రాసుకున్నాను. పురుగు భాగం చదివి, పురుగు ఏం చేసిందని అడిగాను. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

గోడకు ఆనుకున్నామె అంది: "ఏం జేస్తాది, తినేసింటాది. కాడలు మిగిలింటాయి." మళ్ళీ ఆమే అడిగింది. "మేడం, ఆ పురుగును పంపింది దేవుడే అని సదివినారు గదా. మా సేన్లో పురుగును గూడా ఆయనే పంపినాడా?"

నేను కాగితం మీంచి తలెత్తాను. ఆమె ఏ వెటకారమూ లేకుండా అడుగుతోంది. జవాబు నా దగ్గర ఉందన్నట్టు నా మొహంలోకే చూస్తోంది.

"అట్లాంటివి నేను చెప్పకూడదక్కా. మీకేమనిపిస్తే అది చెప్పండి, రాసుకుంటాను" అన్నాను.

సంఘపెద్ద అందుకున్నాడు. "అనిపించేదేముండాది? ఆదివారం పూట మందిరానికి రాకుండా సేన్లో కలుపు తీసుకుంటా ఉంటివి. సెప్తే వింటివా?"

 ఆమె కుచ్చిళ్ళు అప్పుడు దించుకుంది. మిగతా ఆడవాళ్ళు ఆమె వైపు చూసి, చూపు తిప్పుకున్నారు.

బస్సు కండక్టరు అర్ధరూపాయి తప్పు చెప్పినా దిగేదాకా వాదించే మనిషిని నేను. పెళ్ళిళ్ళలో పురోహితులతో, పాస్టర్లతో, వీడియో తీసేవాళ్ళతో కూడా వాదించాను. ఆ పూట నోరు పెగల్లేదు. ఊరందరి చేలల్లో పడిన పురుగు ఈమె ఒక్కదాని ఆదివారాలను చూసి ఎట్లా వచ్చిందయ్యా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. భయపడి కాదు. నేను కాగితం మీద, మొక్క పేరు అడ్డం లేకుండా అర్థమైంది అని రాసుకోవడంలో ఉన్నాను.

అధ్యాయంలో ఇంకా కొన్ని వచనాలున్నాయి. అసలు కథ ఎందుకు చెప్పారో అక్కడే ఉంది. నువ్వు నాటని, పెంచని మొక్క పోయిందని ఇంత బాధపడుతున్నావే, అంత పెద్ద ఊరు, ఏమీ ఎరగని అంతమంది జనం, వాళ్ళ పశువులు, వాటి మీద నాకు జాలి ఉండకూడదా అని దేవుడు ఆ ప్రవక్తను అడుగుతాడు. కథ ఆ ప్రశ్నతోనే అయిపోతుంది. నేను అంతదాకా పోలేదు. నాకు కావాల్సింది పురుగు దగ్గరే దొరికేసింది. సాయంత్రం బస్సు తప్పితే మళ్ళీ లేదు. కాగితాలు సంచిలో పెట్టుకొని, అందరికీ వందనాలు చెప్పి ఆటో ఎక్కాను.

మర్నాడు అయ్యగారి ముందు కాగితాలు పెట్టినప్పుడు నా ఊపు మీరు చూడాల్సింది. ఆయన మొత్తం చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సరేమ్మా. ఆముదమే రాయి" అన్నాడు.

అంత సులభంగా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. గెలిచిన మురిపెంలో, అక్కడ ఒకామె అడిగిన మాట కూడా చెప్పాను. చూశారా, కథ వాళ్ళకు ఎంత దగ్గరగా తగిలిందో అని చెప్పాను. గొప్పగా చెప్పాను.

"ఆయమ్మకు ఏం సెప్పినావు?"

"చెప్పకూడదు కదా. మన కట్టుబాటు."

"ఆముదం ఆకు గురించి సెప్పకూడదని గూడా కట్టుబాటు ఉండె గదమ్మా."

  చివరిదాకా చదివావా అని అడిగాడు. లేదన్నాను, మొక్క సంగతి అక్కడే తేలిపోయింది కదా అన్నాను.  మళ్ళీ పోవాలమ్మా అన్నాడు, మిగిలింది చదివి రావాలి.

నేను పోలేదు. ఓడిపోయిన ఉక్రోషంతో ముసలాయన నాకు పని పెడుతున్నాడు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఒకసారి కమిటీ సమావేశం అడ్డం వచ్చిందన్నాను, ఒకసారి జ్వరమన్నాను, ఒకసారి ఆ ఊరికి ఆటోలు సరిగా లేవన్నాను. అయ్యగారు ప్రతి వారమూ అడిగేవాడు, ఎప్పుడు పోతాండావమ్మా అని. ఈలోపు వాన పడింది. అనంతపురంలో మా వీధి నిండా నీళ్ళు పారాయి. బుక్కరాయసముద్రం చెరువుకు నీళ్ళు వచ్చాయని జనం చూడ్డానికి బండ్లేసుకొని పోయారు, నేనూ పోయాను. ఆ చేను గుర్తుకు రాలేదు.

ఒక పొద్దున బస్టాండులో నిలబడి అయ్యగారే నాకు ఫోను చేశాడు. నేను వచ్చేసినానమ్మా, నువ్వు వస్తే పామిడి బస్సు ఎక్కుదాం అన్నాడు. మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకొని నిలబడే మోకాళ్ళు ఆయనవి. ఇక నేను పోక ఏం చేస్తాను.

పిల్లలూ, మీకు చెప్పదలచుకున్నది ఇదొక్కటే. పల్లెలో చదివేటప్పుడు మీ సందేహం మూడో వచనంతో తీరిపోవచ్చు. వినేవాళ్ళ సందేహం అప్పుడే మొదలై ఉంటుంది. ముగింపుదాకా చదివి లేవండి. బస్సు పోతే పోనీయండి.

వాన తర్వాత ఆ రోడ్డు గుర్తుపట్టలేకపోయాను. పురుగు తిన్న ఆముదాలన్నీ మళ్ళీ చిగురేసి, కొత్త ఆకులు విప్పుకొని ఉన్నాయి. కొన్ని చేలల్లో గెలలు కూడా తొంగిచూస్తున్నాయి. అయ్యగారు ఆటోలోంచి చూస్తూ, బతికినాయి అన్నాడు మెల్లగా. ఆమె ఇల్లు అడిగి కనుక్కున్నాం. ఇంటి వెనకే చేను. ఆ ఒక్క చేను మాత్రం బోడిగా ఉంది. పీకిన గుంతలు కనిపిస్తున్నాయి. పీకిన ఆముదం కట్టెలన్నీ ఎండబెట్టి, మోపులు కట్టి, ఇంటి గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి.

భర్త బయట మంచం వాల్చాడు. అయ్యగారిని చూసి కోపం దాచుకోలేకపోయాడు. పురుగు అందరి చేలల్లోనూ పడింది, రెండు వానలు పడితే చిగురొస్తుంది, ఓపిక పట్టమని తల బాదుకొని చెప్పానని, ఆమె వినలేదని అన్నాడు. తను కూలికి పోయిన రోజుల్లో ఒక్కతే పోయి చేనంతా పీకేసిందట. ఎందుకు పీకావంటే ఒకటే మాటట.

"దేవుడు కొట్టిందాన్ని మనం నిలబెట్టకూడదంట. మీ మందిరంలో ఎవురో మేడం వచ్చి సదివిపోయిందంట అయ్యా. ఆయమ్మ యెవురో నాకు సూపీండి."

అయ్యగారు నా వైపు చూడలేదు. అన్నా, అది నేనే అని నేనే చెప్పాను. ఆమె భర్త తిడతాడేమో అనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. నీళ్ళు తెస్తానని లోపలికి పోయాడు.

ఆమె వచ్చి గడపలో కూర్చుంది. అప్పటి కంటే చిక్కిపోయింది. మందిరానికి ఇప్పుడు ఆదివారం ఆదివారం వస్తోందని, ఎవరితోనూ మాట్లాడకుండా వెనక కూర్చొని పోతోందని తర్వాత తెలిసింది. ఆ రోజు చదివింది సగమే, మిగతాది చదవడానికి వచ్చామని చెప్పాను. నువ్వే చదవాలమ్మా అని అయ్యగారు బస్సులోనే చెప్పాడు. మొదటి నుంచి మొదలుపెట్టాను. పురుగు దగ్గరికి రాగానే ఆమె చెయ్యెత్తింది.

"ఈడిదాకా తెలుసు మేడం."

మిగిలింది చదివాను. కొన్ని వాక్యాలే. మామూలుగా పైకి చదివేటప్పుడు నా గొంతు ఖంగున పలుకుతుంది, కాలేజీలో వెనక బెంచీలకు కూడా వినిపించేది. ఆ రోజు పక్కనున్న అయ్యగారికి వినిపించిందో లేదో. 

"గొడ్లను గూడా తల్సుకున్న్యాడా?" అంది.

అవునన్నాను.

"జాలి పడేవాడు కొట్టడు గదా."

ఈసారి నేను కట్టుబాటు మాట ఎత్తలేదు. "నీ చేను మీద ఆయన పురుగును పంపినాడని ఆ కథలో యాడా లేదక్కా. అది ఆ ప్రవక్తకు బుద్ధి చెప్పడానికి. నీకు కాదు" అన్నాను. చెబుతుంటేనే నాకు తెలుస్తోంది, ఈ మాట మందిరంలో, సంఘపెద్ద ఎదురుగా, అందరూ చూపు తిప్పుకున్నప్పుడు అనాల్సింది. గోడ పక్కన కట్టెలు పేర్చాక కాదు.

ఆమె అడిగింది. "ఇది ఆ పొద్దే యాల సదవల్యా?"

టైము లేదని చెప్పొచ్చు. అప్పటికి సవరణ పూర్తి కాలేదని చెప్పొచ్చు, ఆమెకు అబద్ధమని తెలియదు. అయ్యగారికి తెలుస్తుంది. ఆయన పక్కన లేకపోతే ఏం చెప్పేదాన్నో నాకే నమ్మకం లేదు.

"అది ఆముదమా సొరనా తేల్చుకోడానికి వచ్చినా అక్కా. ఆముదమే అని తేలింది. లేచి పోయినా."

ఆమె నన్నూ, అయ్యగారినీ మార్చి మార్చి చూసింది. ఇద్దరు చదువుకున్న మనుషులు ఒక మొక్క పేరు కోసం ఊళ్ళమ్మట తిరుగుతారా అని ఆశ్చర్యపోయిందేమో, నవ్వబోయి ఆగింది.

"సొర అని సదివింటే నాకు అంత తట్టేది గాదేమో" అంది.

 వాదనలో అయ్యగారికి అంతకంటే మంచి మాట ఎప్పుడూ దొరికి ఉండదు. ఆయన దాన్ని వాడుకోలేదు. తర్వాత కూడా ఎన్నడూ ఎత్తలేదు. అచ్చులో ఆముదమే ఉంది, సరైన మాట కాబట్టి ఉంది.

మేము లేవబోతుంటే ఆమె కూర్చోమంది. భర్త, ఆమె సోమవారం బెంగుళూరుకు పోతున్నారట, అక్కడ బిల్డింగు పని దొరికిందట. గుత్త చేను వదులుకున్నారు. వద్దమ్మా, మాకు బస్సుంది అని అయ్యగారు మొహమాటపడ్డాడు. ఆమె అప్పటికే గోడ దగ్గరికి పోయి ఒక మోపు విప్పుతోంది.

"తిని పోండి మేడం. పొయ్యిలోకి కట్టెలకేం కొదవ ల్యా."

ఎండిన ఆముదం కట్టె గబుక్కున అంటుకుంది. సంగటి కెలికి, పప్పు చేసి, మాకు పెట్టి, అయ్యగారికి రెండోసారి వడ్డించింది. నేనూ తిన్నాను. చాలు అనడానికి నోరు రాక, పెట్టినంతా తిన్నాను.